చుట్టానికి పడక

జరగండి, నెగడు కాడికి ఇంగా రోంత జరగండి. పుట్టపర్తి చలి బెంగుళూరు చలి మాదిరి కాదు. మద్దేన్నం కాళ్లు కాల్చిన బండే తెల్లారుజాముకు పాదాన్ని జివ్వుమనిపిస్తాది. గాల్లో తేమ లేదు, పైన మోడం లేదు. పగలు నేల తాగిన వేడంతా పొద్దు గుంకినాక నిలవకుండా ఆకాశానికి పోతాది. ఈ మాట మనసులో పెట్టుకోండి, పడక కాడ మళ్లా పనికొస్తాది.

ఏమమ్మణ్ణీ, ఇంటికొచ్చే చుట్టాలకు ఏ మంచం కొనల్ల అని అడిగినావు కదా. విప్పితే పరుపయ్యే సోఫానా, మడిచి మూల నిలబెట్టేదా, గాలి ఊదేదా అని. చెప్తా. అయితే నేరుగా చెప్పను. ఈ ఊరు వచ్చినోళ్లను ఎట్ల పండబెట్టిందో చెప్పుకుంటా ఆడికొస్తా. పంట పండించి బతికిన ఊర్లు శానా ఉండాయి. వచ్చినోళ్లకు పడక పరిచి బతికిన ఊరు మనది.

నా చిన్నప్పుడు ఊర్లో శానా ఇండ్లు మట్టి మిద్దెలే. రాతిగోడలు, వేప దూలాలు, పైన చౌడు మట్టి. ముందర అరుగు, లోపల పడసాల, ఒక పక్క ఎద్దులు. ఇంట్లో మంచం ఒకటుంటే ఉన్నట్టు, రెండుంటే కలిగినోళ్లు. ఆ ఒక్క మంచం ఎవరికి అనేదానికి ఒక లెక్క ఉండె. ఇంట్లో బాలింత ఉంటే మంచం ఆమెది, ఇంగ ఎవరూ మాట్లాడేపని లేదు. తర్వాత జబ్బుతో ఉండేవాళ్లు, ఆ తర్వాత ముసలోళ్లు. కొత్తల్లుడు వస్తే మాత్రం లెక్క రోంత తారుమారయ్యేది. మిగిలినోళ్లందరికీ చాప, కంబళి, బొంత.

చుట్టం వచ్చినాడంటే మా నాయన ఏమీ అడగకుండా తన పక్క తీసి కింద పరుచుకునేది. వచ్చినాయన "వద్దు మామా, నేను అరుగు మీద పండుకుంటా" అనేది. "నువ్వు నడిచొచ్చినావు, నేను ఇంట్లో ఉండా" అని మా నాయన అనేది. అంతే, ఆ వాదం ఆడికి తెగిపాయె. అప్పుడు చుట్టాలు ఫోను చేసి వస్తాండ్రా? కదిరి నరసింహస్వామి తేరుకు పోయేవాళ్లు పొద్దుగుంకితే ఏ ఊర్లో ఉంటే ఆ ఊర్లో దిగబడతాండ్రి. ఎద్దుల బేరానికి పోయేవాళ్లు, పెండ్లి సంబంధం మాట్లాడను వచ్చినోళ్లు, కరువు సంవత్సరం కూలికి పోతా పోతా ఒక రేత్రి ఆగినోళ్లు. ఎంతమంది వస్తారో, ఎన్నాళ్లుంటారో ఎవరికీ తెలీదు. అందుకే పడకలు ఎప్పుడూ సిద్ధంగా ఉండల్ల.

ఆ పడకలు యాడనుంచి వస్తాండెనో వింటే మీకు ఈ నేల తెలుస్తాది. అనంతపురం దిక్కు ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన. కొబ్బరితోటలు లేవు, పీచు లేదు. ఏముండె? చేని గట్ల మీద కిత్తనార మట్టలు ఉండె. వాన రాకపోయినా అది చావదు, ముండ్లుంటాయి గనక మేకలూ ముట్టవు. ఆ మట్టలు కోసి, బుక్కపట్నం చెరువులోనో కుంటలోనో నీళ్లున్నప్పుడు నానేసి, గుజ్జు కుళ్లినాక రాతి మీద బాది కడిగితే తెల్లగ నార వస్తాది. ఆ రసం తగిలితే ఒళ్లంతా దురద. అందుకే ఆ పని మగోళ్లు ఊరవతల చేస్తాండ్రి. ఎండిన నారను తొడమీద పేని, రెండు పాయలు కలిపి తిప్పితే నులక. జనపనార నులకైతే ఇంగా మెత్తన. చెరువు నిండని సంవత్సరం నార నానేసే దోవే లేదు. ఆ ఏడు పాత మంచాలతోనే కాలం గడపల్ల.

మంచానికి కోళ్లు నాలుగు, పట్టెలు నాలుగు. కోళ్లు తుమ్మమానుతో, పట్టెలు వేపతో చేస్తాండె మా ఊరి వడ్లాయన. నులక అల్లేటప్పుడు కాళ్ల దిక్కు రోంత చోటు వదిలి, అల్లికను కాళ్ల పట్టెకు వేరే తాడుతో లాగి కడతారు. ఆ తాడులోనే ఉంది కిటుకంతా. మంచం రోజూ పండుకుంటే నడుమ దిగబడతాది. అప్పుడు ఆ తాడును ఒక్కో వరస బిగిస్తా పోతే మళ్లా తప్పెట మాదిరి సాపవుతాది. చుట్టం వస్తాడని కబురు తెలిస్తే మా అమ్మ ముందు పొయ్యి కాడికి పోయేది కాదు. "మంచం బిగించు" అని మా నాయనకు చెప్పేది. వదులు మంచంలో పండుకున్నోనికి పొద్దున లేస్తే నడుము ఉండదు. ఓళిగలు పెట్టినా ఆయన ఇంటికి పోయి నడుమునొప్పి గురించే చెప్తాడు.

రెండో పని ఎండకెయ్యడం. చుట్టాలు పోయిన మరునాడే మంచాన్ని వాకిట్లో నిలబెట్టి, పట్టెలు కోళ్లలో దిగే సందుల్లో మసిలే నీళ్లు పోస్తాండ్రి. నల్లులు ఆ సందుల్లోనే గుడ్లు పెడతాయి. మంచం మీద కనపడని నల్లి సందులో ఉంటాది, పైపైన దులిపితే పోదు. ఒక ఇంట్లో నల్లులున్నాయని పేరు పడిందంటే ఆ ఇంటికి చుట్టాలు తగ్గిపోతారు. ఎవరూ ముఖం మీద చెప్పరు, రావడం మానేస్తారు.

ఎండకాలం పడక వేరు, చలికాలం పడక వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండకు మిద్దె గోడలు రేత్రి కూడా సెగ కక్కుతాయి. మాయిటాల మిద్దె మీద నాలుగు బిందెలు నీళ్లు చల్లి, ఆరినాక చాపలు పరుస్తాంటిమి. చుట్టాలకు నులక మంచమే మేలు, కిందనుంచి గాలి ఆడతాది గనక వీపు చెమట పట్టదు. అదే గాలి చలికాలం శత్రువు. ఇప్పుడు మీరంతా పైన రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతా ఉంటారు. చలి పైనుంచే వస్తాదనుకుంటారు. ఒంటి బరువుకు కింద బట్ట అణిగిపోతాది, కిందనుంచే వేడంతా పోతాది. మా అమ్మ చుట్టానికి ఒక కంబళి కింద పరిచి, ఒకటి పైన ఇచ్చేది. ఒకటే ఉంటే కిందనే పరిచి, పైన బొంత ఇచ్చేది.

కంబళి అంటే అంగట్లో దొరికే రగ్గు కాదు. మన కురుబోళ్లు గొర్రెబొచ్చు వడికి మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించేవాళ్లు. ఆ గంజికి కంబళి బిరుసెక్కి, అల్లిక దగ్గరపడి, జల్లు పడినా బిరాన లోపలికి దిగదు. కొత్తల్లో గుచ్చుకుంటాది, నిజమే. నాలుగేండ్లు వాడినాక మెత్తబడతాది. అందుకే కొత్త కంబళి ఇంటోళ్లు కప్పుకుని, పాతది చుట్టాలకు ఇస్తాండ్రి. కొత్తది దాచుకున్నారని తెలియనోళ్లు అనుకోవచ్చు. మెత్తనిది ఇచ్చినారని పండుకున్నోనికి తెలుస్తాది.

ఇంగ అసలు కథ. సత్యసాయిబాబా పుట్టింది 1926 నవంబరు 23న, ఈ ఊర్లోనే. నేను పుట్టేనాటికే ఆయన కోసం జనం వచ్చేది మొదలయింది. మా నాయన చెప్పేది. పెనుగొండలో రైలు దిగి, బుక్కపట్నం దాకా బస్సులో వచ్చి, ఆడనుంచి ఎద్దుల బండి. చిత్రావతి ఏట్లో నీళ్లుంటే బండి ఆపుకుని కూర్చోవల్ల. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి, మైసూరు నుంచి వస్తాండ్రి. కలిగినోళ్లు, ఇంట్లో పందిరి మంచాల మీద పండుకునేవాళ్లు. ఈడికొస్తే ఒక హోటలు లేదు, సత్రం లేదు. కరణం సుబ్బమ్మ గారి ఇల్లే అందరికీ సత్రం. వచ్చినోళ్లకు వండిపెట్టి, చోటు చూపించిన తల్లి ఆమె. 1945లో పాత మందిరం కట్టినారు, 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం ఆశ్రమం తెరిచినారు. అయినా దసరాకూ పుట్టినరోజుకూ వచ్చే జనానికి చోటు చాలకపాయె. చెట్ల కింద, అరుగుల మీద, చిత్రావతి ఇసకలో పండుకుంటాండ్రి.

ఇసక పడకను తక్కువ అనుకోవద్దు. ఎండిన ఏటి ఇసకలో తుంటికి, భుజానికి రోంత గుంత చేసుకుని దుప్పటి పరిస్తే ఒళ్లు దానిలో కుదురుకుంటాది. ఇప్పుడు వేలు పోసి కొనే పరుపులు చేసేదీ అదే పని, బరువున్న చోట దిగి, లేని చోట ఆనించడం. అయితే నడిజామున ఇసక చల్లబడతాది. అది తెలిసిన ఊరోళ్లు వచ్చినోళ్లకు చాపలు తీసుకపోయి ఇస్తాండ్రి. మొదట ఊరకే ఇచ్చినారు. తర్వాత తర్వాత అణాలు పుచ్చుకున్నారు. దాంట్లో తప్పేముంది? చేను పండని ఊరికి చాప ఆదుకునె.

ఆ తర్వాత విదేశాలోళ్లు. అమెరికావాళ్లు, ఇటలీవాళ్లు, జర్మనీవాళ్లు, తర్వాత రష్యావాళ్లు. వాళ్లతో మాకు కొత్త చదువు మొదలాయె. మన మంచాలు మన కొలతకు చేసినవి. ఆరడుగులు దాటిన మనిషి పండుకుంటే పాదాలు పట్టె మీద ఆని, తెల్లారేటప్పటికి చీలమండలు నొప్పి. కొందరు మంచం మీద మూలకు మూల పండుకుంటాండ్రి. అప్పుడు వడ్లాయనకు చెప్పి పొడుగు పట్టెలు పెట్టించినాము. నులక గుర్తులు వీపు మీద అచ్చు పడతాయని వాళ్లు నవ్వుకునేది, దాని మీదికి దూది పరుపు వచ్చె. దూది పరుపుకు ఏడాదికో రెండేండ్లకో దూదేకులోళ్లు రావల్ల. విల్లు భుజానేసుకుని వీధిలో 'టింగ్ టింగ్' మనిపిస్తా వస్తాండ్రి. గడ్డకట్టిన దూదిని వాకిట్లో పోసి ఏకితే పిడికెడుండేది బుట్టెడయ్యేది. ఆ దినం ఊరంతా తెల్లటి దూది ఎగిరేది.

ఆశ్రమంలో పెద్ద పెద్ద షెడ్లు కట్టినారు. పండగ దినాల్లో వందలమంది నేల మీద వరసగా పండుకునేది. బయట అంగళ్లలో పరుపు, దోమతెర, బక్కెట్టు అమ్మేవాళ్లు, బాడుగకిచ్చేవాళ్లు. ఊర్లో ప్రతి ఇల్లూ ఒక గది ఎక్కువ కట్టుకునె. 1985లో అరవయ్యో పుట్టినరోజు, 1995లో డెబ్బయ్యోది. లక్షలమంది వచ్చినారు. ఆ దినాల్లో మా ఇంట్లో మేము వంటింట్లో పండుకుని, పడసాల, గది, మిద్దె అన్నీ వచ్చినోళ్లకు ఇచ్చినాము. మీ జేజి ఒక్కోరి వయసు చూసి పడక చెప్పేది. చదువుకునే పిల్లోళ్లకు మిద్దె మీద చాప. నడివయసోళ్లకు పడసాలలో పరుపు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే ముసలమ్మకు మంచం, అదీ వాకిలి దగ్గర, రేత్రి లేస్తే ఎవరినీ దాటుకుంటా పోకుండా.

మోకాలి సంగతి మాకు బాగా నేర్పింది ఆసుపత్రి. 1991 నవంబరులో ఈడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచినారు, గుండె ఆపరేషన్లు దుడ్డు లేకుండా చేసేది. యాడెక్కడి పేదోళ్లో వస్తాండ్రి. ఆపరేషనై బయటికొచ్చినోళ్లు మళ్లా చూపించుకునేదాకా ఊర్లో గది తీసుకుని ఉంటాండ్రి. ఎదురురొమ్ము కోసి కుట్టిన మనిషి చేతులు ఆనించి లేవకూడదు. నేల పడక మీద పండబెడితే చేతులానకుండా ఎట్ల లేస్తాడు? అప్పుడు ప్రతి గదికీ మంచాలు వచ్చె, మోకాలెత్తు మంచాలు. అంచున కూర్చుంటే పాదాలు నేలకు సాపుగా ఆనల్ల, తొడలు వాలకూడదు. మామూలు మనిషికి అది పద్దెనిమిది అంగుళాల చుట్టూ ఉంటాది. పరుపుతో కలిపి కొలవల్ల, పట్టెతో కాదు.

విమానాశ్రయం 1990లో వచ్చె, రైలు స్టేషను 2000లో వచ్చె. పది దినాలుండేవాళ్లు రెండు దినాలకే పోవడం మొదలుపెట్టినారు. 2011 ఏప్రిల్‌లో బాబా పోయినాక శానా గదులకు తాళాలు పడె. 2022లో ఊరు జిల్లాకు ముఖ్యపట్నమయ్యె, 2025 నవంబరులో శతజయంతికి మళ్లా జనం నిండె. మూసిన గదులు తెరిచి చూస్తే ఏముండె? పరుపుల్లో ఎలుకలు, నవారు తెగి, ఇనుప మంచాలకు తుప్పు. బాగా వాడిన మంచం చెడిపోలేదు, వాడక మూల పడేసిందే చెడిపోయింది.

అమ్మణ్ణీ, ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాండా. విప్పే సోఫా చూసేదానికి సొంపుగా ఉంటాది, పగలు కూర్చోను పనికొస్తాది. కానీ దాని పరుపు రెండు మూడు ముక్కలు. ముక్కలు కలిసే చోటు సరిగా నడుము కిందికో తుంటి కిందికో వస్తాది. విప్పేదానికి బలం కావల్ల. మీ అత్తమామలు వచ్చినప్పుడు నువ్వు ఆఫీసులో ఉంటే, మద్దేన్నం రోంతసేపు నడుము వాల్చను వాళ్లు దాన్ని లాగలేరు. వయసు పిల్లోళ్లు ఒక రేత్రి ఉండిపోతే సరే.

గాలి పరుపు. అమెరికాలో మనోళ్ల ఇండ్లకు పోయిన అమ్మానాయనలు శానామంది దాని మీదే పండుకుని వస్తారు. అది చెడ్డది కాదు, అవసరానికి ఆదుకుంటాది. కానీ లోపలుండేది ఉత్త గాలి, ఒంటి వేడిని నిలపదు. ఇందాక కంబళి గురించి చెప్పింది గుర్తుందా? దాని మీద మందపాటి దుప్పటి పరచకపోతే ఎంత కప్పినా చలే. ఇద్దరు పండుకుంటే ఒకరు మసిలితే రెండోవాళ్లు లేస్తారు. మన వాకిట్లో పల్లేరుకాయ ఒకటి కాలికి అంటుకుని లోపలికొస్తే దాని కథ ముగిసినట్టే.

మడత మంచం మేలే, చూసి కొనుక్కుంటే. విప్పి మధ్యలో కూర్చో. కింద అడ్డ గొట్టం పిర్రలకు తగిలిందంటే వద్దు, రేత్రంతా అది నడుమును పొడుస్తానే ఉంటాది. ప్లాస్టిక్ నవారు ఎండకాలం ఒంటికంటుకుంటాది, కొన్నాళ్లకు సాగిపోతాది, మళ్లా బిగించే దోవ ఉండదు. నూలు నవారైతే విప్పి బిగించుకోవచ్చు. మడతకాడ చిలక గట్టిగ పడతాందా, నాలుగు కాళ్లూ నేలకానుతాండాయా చూడు. దాని మీదికి పలచని దూది పరుపు ఒకటి.

చోటుంటే మాత్రం నా మాట విను, ఒంటి మంచం ఒకటి చేయించు. మూడడుగుల వెడల్పు, ఆరుంపావు అడుగుల పొడుగు, మోకాలెత్తు. పైన పలక మూసేయొద్దు, సందులిచ్చి పట్టీలు కొట్టించు, గాలి ఆడల్ల. నాలుగంగుళాల కొబ్బరిపీచు పరుపు చాలు. మరీ మెత్తనిది ముసలోళ్లను మింగేస్తాది, పక్కకు తిరగలేరు. పగలు దాన్నే గోడకేసి దిండ్లు పెడితే నీకు సోఫా.

ఏది కొన్నా ఒక పని చెయ్యి. కొన్న దినమే మీ ఇద్దరిలో ఒకరు దాని మీద తెల్లారేదాకా పండుకోండి. అంగట్లో కూర్చుని ఎగిరి చూస్తే తెలీదు. నాలుగు గంటలప్పుడు యాడ నొస్తాదో, యాడ చలి కొడతాదో, రేత్రి లేస్తే లైటు చేతికందుతాదో లేదో ఆడ పండుకున్నోనికే తెలుస్తాది. తర్వాత నెలకొకతూరి పరుపు ఎండకెయ్యి, మంచం సందులు చూడు, వదులైంది బిగించు, మరలకు నూనె పెట్టు. వేపాకు ఎండబెట్టి పరుపు కింద పెట్టు, అంగట్లో దొరికే కలరా ఉండలు పెడితే ఆ వాసనకు చుట్టానికి నిద్ర రాదు.

మంచం ఖరీదు ఎవరూ అడగరు. చుట్టం వచ్చిన దినం చేసే మర్యాద అందరూ చేస్తారు, కూడు పెడతారు, కొత్త దుప్పటి తీస్తారు. చుట్టం రాని దినాల్లో ఆ మంచాన్ని చూసుకునేవాళ్లు తక్కువ. ఇంటికొచ్చినోనికి నిద్ర పట్టేది అట్ల చూసుకునేవాళ్ల ఇండ్లలోనే. సోఫా వద్దు, ఒంటి మంచం చేయించు, దాన్ని మూల పడేయొద్దు.